గోరంత నట్టు నిలువెత్తు మనిషిని ఆపుతుందా? సన్నటి రాతి పగుళ్లకు చిన్న నట్ల ఎంపిక

రాక్ క్లైంబింగ్‌లో కాస్త చెయ్యి తిరిగాక చాలామంది ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోతారు. మామూలు సైజు నట్ల (పగుళ్లలో ఇరికించే లోహపు ముక్కల) సెట్టు ఒకటి ఉంది, వేళ్లు దూరే పగుళ్లలో వాటిని పెట్టడం వచ్చింది. ఇప్పుడు వేలు కాదు కదా, గోరు మాత్రమే దూరే పగులు ఎదురైంది. దానికి సరిపోయే నట్లు దుకాణంలో ఉన్నాయి. కొన్ని ఇత్తడివి, కొన్ని ఉక్కువి, కొన్ని అల్యూమినియంవి. కొన్ని తిన్నగా ఉంటాయి, కొన్ని వంపు తిరిగి ఉంటాయి, కొన్ని ఒక అంచున లావుగా రెండో అంచున సన్నగా ఉంటాయి. ఒక్కోదాని తీగ మీద ఒక్కో అంకె. ఒకదాని మీద 2, ఇంకోదాని మీద 5. పెద్ద నట్ల మీద 12 చూసి అలవాటైన కంటికి ఆ 2 భయం పుట్టిస్తుంది. అసలు కొనాలా వద్దా, కొంటే ఏది కొనాలి, కొన్నాక దాని మీద ఎంత నమ్మకం పెట్టుకోవాలి?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చిన్న నట్ల విషయంలో ముందు చూడాల్సింది రాయిని, ఆ తర్వాత నట్టు ఆకారాన్ని, ఆ తర్వాతే అంకెను. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. అంకెను పక్కన పెట్టమని కాదు. అది ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలిస్తేనే పనికొస్తుంది.

కొత్తవాళ్ల కోసం నాలుగు మాటలు. రాతి మీద ముందు వెళ్లే మనిషి తన నడుముకు కట్టుకున్న తాడును దారిలో అక్కడక్కడా రాతికి తగిలిస్తూ పోవాలి. పడిపోతే ఆఖరున తగిలించిన చోటే ఆపాలి. బోల్టులు కొట్టని రాతిమీద ఆ తగిలింపు కోసం పగుళ్లలో ఇరికించే లోహపు ముక్కే నట్టు. పైన వెడల్పు, కింద సన్నం. పగులు కూడా కిందికి సన్నబడే చోట పైనుంచి దించి లాగితే బిగుసుకుంటుంది. ఆ లోహపు తలకు బిగించిన ఉక్కు తీగకు కారాబినర్ (తెరిచి మూసే లోహపు కొక్కెం) తగిలించి, దాంట్లోంచి తాడు పోనిస్తారు. వెనక వచ్చే మనిషి దాన్ని ఊడదీసి తెస్తాడు. రాతికి గాయం ఉండదు, సామాను చేతికి తిరిగొస్తుంది.

ఈ పద్ధతి బ్రిటన్‌లో పుట్టింది. వేల్స్‌లోని క్లోగ్విన్ దుర్ ఆర్దు అనే కొండమీద 1920లలోనే క్లైంబర్లు గులకరాళ్లు పట్టుకెళ్లి పగుళ్లలో ఇరికించి, వాటికి తాడు చుట్టేవాళ్లు. తర్వాత, ఆ కొండకు వెళ్లే దారిలో ఉన్న స్నోడన్ రైలు పట్టాల పక్కన పడి ఉన్న ఇనుప నట్లు ఏరుకుని, లోపలి మరలను అరగదీసి, వాటిలోంచి తాడు దూర్చి వాడారు. మర అంచు తాడును కోసేయకుండా ఆ అరగదీత. 1961లో జాన్ బ్రెయిల్స్‌ఫోర్డ్ క్లైంబింగ్ కోసమే ఒక నట్టు తయారుచేశాడు, దాని పేరు ఎకార్న్. ఆ మరుసటి ఏడాది వచ్చిన మోయాక్ ఇప్పటి నట్ల ఆకారానికి తాత లాంటిది.

అమెరికాలో ఆ రోజుల్లో పిటన్లు కొట్టేవాళ్లు. అంటే ఉక్కు మేకును సుత్తితో పగులులోకి దిగ్గొట్టడం, వెనకవాడు మళ్లీ సుత్తితో కొట్టి పీకడం. ఒకే పగులులో వందలసార్లు ఈ పని జరిగేసరికి కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయ గ్రానైట్ చెక్కుకుపోయి గుంటలు పడింది. బ్రిటన్ వెళ్లి నట్లు చూసి వచ్చిన అమెరికన్ క్లైంబర్ రాయల్ రాబిన్స్ 1967లో భార్య లిజ్‌తో కలిసి యోసెమిటీలో నట్లతోనే ఒక కొత్త దారి ఎక్కాడు. దాని పేరు నట్‌క్రాకర్. 1972 నాటికి, పిటన్లు తయారుచేసి అమ్మే ఇవాన్ షూనార్డ్, టామ్ ఫ్రాస్ట్ తమ కంపెనీ కేటలాగులోనే పిటన్లు వదిలేసి నట్లు వాడమని రాశారు. తాము అమ్మే సరుకును వాడొద్దని చెప్పడం చిన్న విషయం కాదు. ఆ పిటన్ గుంటలు ఇప్పటికీ ఉన్నాయి, చిన్న నట్ల ఎంపికలో వాటికీ ఒక పాత్ర ఉంది. కాసేపట్లో చెబుతాను.

మరీ చిన్న నట్ల కథ మాత్రం ఆస్ట్రేలియాది. జర్మనీలో పుట్టి మెల్‌బోర్న్‌లో స్థిరపడిన రోలాండ్ పౌలిగ్ 1970లలో తన చేత్తో ఇత్తడి నట్లు చేయడం మొదలుపెట్టాడు. అతని పేరులోని మొదటి అక్షరాలతో వాటిని ఆర్‌పీలు అన్నారు. విక్టోరియా రాష్ట్రంలోని మౌంట్ ఆరపిలీస్ రాయి గట్టిది, సన్నటి పగుళ్లు ఎక్కువ. అక్కడి కష్టమైన దారుల్లో మామూలు నట్లు దూరని చోట ఇవి దూరాయి. ఇవాళ్టికీ చాలామంది ఏ కంపెనీ చిన్న నట్టునైనా ఆర్‌పీ అనే పిలుస్తారు.

ఇక అంకె సంగతి. నట్టు మీద ఉండే 2, 4, 7, 12 లాంటి అంకెలు కిలోన్యూటన్లు. ఒక కిలోన్యూటన్ అంటే సుమారు 102 కిలోల బరువు లాగినంత. 80 కిలోల మనిషి ఊరికే వేలాడితే 0.8 కిలోన్యూటన్. ఆ లెక్కన 2 ఉంటే చాలు కదా అనిపిస్తుంది. కానీ మనం నట్లు పెట్టేది వేలాడటానికి కాదు, పడితే ఆపడానికి.

తేలికైన పరిస్థితితో మొదలుపెడదాం. తాడులో వదులు లేదు, బిగువూ లేదు. మనిషి పట్టు వదిలేశాడు. ఎక్కువ దూరం పడలేదు, తాడు సాగినంత మేరే దిగాడు. అయినా సాగే తాడు మీద ఒక్కసారిగా బరువు పడినప్పుడు గరిష్ఠ లాగుడు ఆ బరువుకు రెట్టింపు ఉంటుంది. 80 కిలోలకు సుమారు 1.6 కిలోన్యూటన్లు. ఇది క్లైంబర్ వైపు మాత్రమే. నట్టు దగ్గర కారాబినర్‌లో తాడు వంగి మళ్లీ కిందికి, బిలే చేస్తున్న (తాడును పట్టుకుని, పడితే ఆపే) మనిషి వైపు వెళ్తుంది. ఆ వైపు కూడా లాగుతుంది. కారాబినర్ రాపిడి వల్ల ఆ లాగుడు కొంచెం తక్కువ, సుమారు మూడింట రెండొంతులు. రెండు వైపులదీ కలిపితే నట్టు మీద పడేది క్లైంబర్ వైపు ఉన్నదానికి 1.66 రెట్లు, అంటే దాదాపు 2.6 కిలోన్యూటన్లు.

అంటే 2 అని రాసి ఉన్న నట్టు, అసలు పడడమే కాని ఈ చిన్న జారుకు కూడా లెక్క ప్రకారం చాలదు. అది బరువు వేసి విశ్రాంతి తీసుకోవడానికి, లేదా ఎయిడ్ క్లైంబింగ్‌లో (సామాను మీదే బరువు వేసి ఎక్కే పద్ధతిలో) మెల్లగా ఎక్కి నిలబడటానికి. నట్లకు ఉన్న యూరోపియన్ ప్రమాణం ఈఎన్ 12270 ప్రకారం 2 కిలోన్యూటన్లు దాటితే చాలు, నట్టు అని అమ్మొచ్చు. స్ప్రింగుతో విచ్చుకుని పగులును పట్టుకునే కేమ్‌లకు ఈఎన్ 12276 కనీసం 5 అడుగుతుంది. కాబట్టి నట్టు మీద ప్రమాణం ముద్ర ఉంది కదా అని పడడాన్ని ఆపుతుందనుకోవడం పొరపాటు. ఆ ముద్ర చెప్పేది వేరు: మీద రాసిన అంకెను ఈ నట్టు నిలబెట్టుకుంటుంది, అంతే.

ఇప్పుడు నిజంగా పడే సందర్భం. బిలే నుంచి 20 మీటర్ల తాడు బయటికొచ్చింది, ఆఖరి నట్టుకు 2 మీటర్ల పైన ఉన్నాడు. పడితే 4 మీటర్లు. మామూలు సింగిల్ రోప్ (ఒంటిగా వాడే తాడు) సాగే గుణంతో, బిలే ఏమాత్రం జారదనుకుని లెక్క వేస్తే క్లైంబర్ మీద సుమారు 3.6, నట్టు మీద 6 వస్తుంది. అదే 4 మీటర్ల పతనం, కానీ బిలే దాటి 5 మీటర్ల తాడే బయట ఉన్నప్పుడు జరిగితే క్లైంబర్ మీద 6.3, నట్టు మీద 10 దాటిపోతుంది. పడిన దూరం ఒక్కటే, సాగడానికి ఉన్న తాడు తక్కువ. నిజంలో బిలే పరికరంలో తాడు కొంత జారుతుంది, బిలే చేసే మనిషి కాస్త పైకి లేస్తాడు, నడుం పట్టీ కొంత తీసుకుంటుంది. అందుకే అసలు బలాలు ఈ లెక్క కన్నా బాగా తక్కువే ఉంటాయి. కానీ రెండింటి మధ్య తేడా మాత్రం అలాగే ఉంటుంది. చిన్న నట్టుకు అత్యంత ప్రమాదకరమైన చోటు పైన కాదు, బిలే వదిలి బయల్దేరిన మొదటి కొద్ది మీటర్లు. అక్కడ మాత్రం చిన్న నట్టుతో సరిపెట్టుకోకుండా, ఎంత వెతికైనా సరే పెద్దది పెట్టే చోటు చూసుకోవాలి.

ఇదంతా లోహం తెగుతుందా లేదా అన్నదాని గురించి. నట్టు ఊడిపోవడానికి లోహం తెగనక్కర్లేదు. నట్టు మీది అంకె ప్రయోగశాలలో ఉక్కు దవడల మధ్య పెట్టి లాగితే వచ్చింది. మీ పగులు ఉక్కుతో చేసింది కాదు.

దీన్ని దగ్గరగా చూడాలి. మొద్దు చీల్చడానికి దిగ్గొట్టే సీలలాగే నట్టు కూడా కిందికి లాగిన బలాన్ని పక్కలకు తోస్తుంది. పక్క గోడల వాలు ఎంత తక్కువైతే ఆ తోపుడు అంత ఎక్కువ. ఉదాహరణకు తల పక్కముఖం 5 మిల్లీమీటర్లు, 8 మిల్లీమీటర్లు ఉన్న చిన్న నట్టు తీసుకుందాం. వైశాల్యం 40 చదరపు మిల్లీమీటర్లు. రెండు గోడలూ ఒక్కోటి 6 డిగ్రీల వాలు, రాపిడి మామూలుగా ఉందనుకుందాం. 4 కిలోన్యూటన్ల లాగుడుకు ఒక్కో గోడ మీద సుమారు 5 కిలోన్యూటన్ల తోపుడు పడుతుంది. 40 చదరపు మిల్లీమీటర్లకు పంచితే ఒత్తిడి 120 మెగాపాస్కల్‌ల పైమాట. మంచి గ్రానైట్ నలిగే హద్దు 100 నుంచి 250 దాకా ఉంటుంది. మెత్తటి ఇసుకరాయి 50 లోపే నలిగిపోతుంది. పైగా ఇదంతా ముఖం మొత్తం రాతికి అతుక్కుంటేనే. సగమే తగిలితే ఒత్తిడి రెట్టింపు, గట్టి గ్రానైట్ కూడా హద్దుకు వచ్చేస్తుంది.

పెద్ద నట్టులో ఈ బెడద ఉండదు, ముఖం విశాలంగా ఉంటుంది కాబట్టి సగం తగిలినా నడిచిపోతుంది. చిన్న నట్టులో ఒక మిల్లీమీటర్ అటో ఇటో కదిలితే పరిస్థితి మారిపోతుంది. ఒకే చోట 5 అని రాసిన నట్టు సగం ముఖంతో, 4 అని రాసిన నట్టు నిండు ముఖంతో కూర్చుంటే, నేను ఏమాత్రం ఆలోచించకుండా 4నే తగిలిస్తాను.

చిన్నవి ఎందుకంత బలహీనం అన్నదానికి కూడా జవాబు వాటి తయారీలోనే ఉంది. మామూలు నట్టు అల్యూమినియం ముక్క. దానికి నిలువుగా రెండు రంధ్రాలు చేసి, ఉక్కు తీగను వాటిలోంచి పోనిచ్చి, కింద రెండు కొసలనూ గొట్టంలో బిగిస్తారు. తల చిన్నదయ్యేకొద్దీ రంధ్రాల చుట్టూ లోహం మిగలదు. తీగను సన్నం చేయాలి, అప్పుడు తీగే తెగుతుంది. దాదాపు 7 మిల్లీమీటర్ల మందం దాకా ఈ పద్ధతి నడుస్తుంది. అంతకన్నా కిందికి వెళ్లాలంటే తీగ కొసలను తల లోపలే వెండి కలిపిన టంకంతో అతికించాలి. అల్యూమినియంకు ఆ టంకం కుదరదు, ఇత్తడికి కుదురుతుంది. పౌలిగ్ చేసింది ఇదే. చిన్న నట్లు ఇత్తడివి కావడానికి అసలు కారణం బలం కాదు, ఈ అతుకు.

ఇత్తడితో ఇంకో లాభం కూడా వచ్చింది. అది మెత్తన. లాగుడు పడగానే గ్రానైట్ పలుకులు దాని ముఖంలోకి కొద్దిగా దిగబడతాయి, పట్టు పెరుగుతుంది. ఉక్కు అలా దిగనివ్వదు. నున్నటి పగులులో గట్టి ఉక్కు ముఖం జారే అవకాశం ఎక్కువ, కానీ పదే పదే వాడినా ఆకారం చెడదు. ఇత్తడి ఒక పెద్ద పతనంతోనే నలిగి, గీతలు పడి, ఒక్కోసారి పగులులోనే ఇరుక్కుపోతుంది. రాగి, ఇనుము కలిపిన తలలతో వచ్చే రకం వీటికి మధ్యస్థంగా ఉంటుంది.

ఇక రాయి ప్రకారం ఎంచుకోవడం. గట్టి రాయి, గరుకు ముఖం, పక్కలు సమంగా ఉన్న పగులు అయితే తిన్నటి ఇత్తడి నట్టుకు మించింది లేదు. ఆరపిలీస్ అలాంటి చోటు. వేల్స్‌లో డినోర్విగ్ లాంటి పాత పలకరాయి క్వారీలూ సన్నటి పగుళ్లకు పేరుపడ్డవే, చిన్న నట్లు లేకుండా అక్కడ చాలా దారులు ఎక్కలేరు. కానీ పలకరాయి ముఖం నున్నగా ఉంటుంది, అంచులు పలకలుగా లేస్తాయి. నట్టు బాగుందని సంతోషపడే ముందు, అది కూర్చున్న పలక కొండను గట్టిగా పట్టుకుని ఉందో లేదో చూసుకోవాలి. ఇంగ్లండ్‌లోని గ్రిట్‌స్టోన్ ముతక ఇసుకరాయి, పగుళ్ల అంచులు గుండ్రంగా అరిగి, లోపలికి సన్నబడుతూ ఉంటాయి. అక్కడ తిన్నటి నట్టు రెండు చుక్కల దగ్గరే తగులుతుంది.

జర్మనీలో చెక్ సరిహద్దు పక్కనున్న సాక్సన్ స్విట్జర్లాండ్‌లో అయితే లోహపు నట్లే నిషిద్ధం. అక్కడి ఇసుకరాయి మెత్తన, లోహం దాన్ని తినేస్తుంది. అందుకే తాడు, గుడ్డ స్లింగులకు (ఉచ్చులా ఉండే పట్టీలకు) ముడులు వేసి పగుళ్లలో ఇరికిస్తారు. రాయి చెప్పినట్టు సామాను మారాలన్నదానికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ నాకు తెలియదు.

ఆకారానికి వస్తే మూడు రకాలు. తిన్నటి గోడల నట్టు సమంగా ఉన్న పగులులో ఎక్కువ ముఖం తగిలేలా కూర్చుంటుంది. వంపు నట్టుకు ఒక పక్క లోపలికి, రెండో పక్క బయటికి వంగి ఉంటుంది. గరుకు, వంకర పగులులో అది మూడు చోట్ల నిలకడగా తగులుతుంది, తాడు కదలికకు తేలిగ్గా ఊడదు. పెద్ద సైజుల్లో వంపు నట్లే నాకు నచ్చుతాయి. కానీ చిన్న సైజుల్లో ఆ వంపు వల్ల తగిలే ముఖం తగ్గిపోతుంది. ఇందాకటి లెక్క గుర్తుంటే అది ఎంత నష్టమో అర్థమవుతుంది.

మూడోది ఆఫ్‌సెట్ నట్టు. ఇది పైనుంచి కిందికే కాదు, ముందునుంచి వెనక్కి కూడా సన్నబడుతుంది. బయట వెడల్పుగా, లోపల ఇరుగ్గా ఉండే పగులుకు ఇది సరిగ్గా అతుకుతుంది. యోసెమిటీలో పిటన్లు కొట్టి పీకిన గుంటలు అచ్చం ఈ ఆకారంలోనే మిగిలాయి, మామూలు నట్టు అక్కడ అంచుల మీదే ఆనుతుంది. ఇత్తడి ఆఫ్‌సెట్లకు మొదట పేరు తెచ్చింది వేల్స్‌లో హ్యూ బ్యానర్ నడిపిన హెచ్‌బీ కంపెనీ. ఆ తర్వాత అదే ప్రాంతపు డీఎంఎం కంపెనీ వాటిని కొనసాగించింది. రాతి పగుళ్లు పుస్తకంలో గీసిన బొమ్మల్లా సమంగా ఉండవు. అందుకే చిన్న నట్లలో ఒక్క సెట్టే కొనే డబ్బుంటే ఆఫ్‌సెట్లు కొనమంటాను. తిన్నటి నట్లు ఎక్కువగా కావాల్సిన రాతిమీద ఎక్కేవాళ్లు మాత్రం దీన్ని పట్టించుకోనక్కర్లేదు.

కొనే క్రమం గురించి కూడా ఒక మాట. సెట్టు మొత్తం కొంటే చౌక అనిపిస్తుంది. కానీ అందులో మరీ చిన్నవి, 2 కిలోన్యూటన్ల చుట్టుపక్కల ఉండేవి, ఎయిడ్ క్లైంబింగ్ చేయనివాళ్లకు నడుముకు బరువు తప్ప ఏమీ కావు. అంతకన్నా చెడ్డ విషయం, అవి చేతిలో ఉంటే పెట్టాలనిపిస్తుంది. పెట్టాక ధైర్యం వస్తుంది, ఆ ధైర్యానికి ఆధారం ఉండదు. మీ మామూలు సెట్టులో అన్నిటికన్నా చిన్నది ఏ మందం దగ్గర ఆగిందో చూసి, దానికి వెంటనే కింద ఉండే రెండు మూడు సైజులు ముందు కొనండి. అవి 4 నుంచి 7 కిలోన్యూటన్ల మధ్య ఉంటే, తాడు బాగా బయటికొచ్చాక జరిగే చిన్న పతనాలను ఆపే అవకాశం నిజంగా ఉంటుంది. తర్వాత అవే సైజులు ఇంకో జత. చిన్న పగుళ్ల దారిలో ఒకే సైజు మళ్లీ మళ్లీ కావాల్సి వస్తుంది, పైగా వీటిని జంటగా పెట్టడమే సరైన పద్ధతి. మరీ చిన్నవి ఆఖరున, అవసరం కనిపించినప్పుడు.

కేమ్‌లు ఉండగా ఇవెందుకని అడిగేవాళ్లున్నారు. చిన్న కేమ్ వేగంగా కూర్చుంటుంది, సమాంతరంగా ఉన్న పగులులోనూ పడుతుంది. కానీ మరీ సన్నటి పగులులో దూరే కేమ్ దాదాపు ఉండదు, ఉన్నా దాని చిన్న రెక్కలు రాతి నాణ్యత మీద నట్టు కన్నా ఎక్కువ ఆధారపడతాయి. కిందికి సన్నబడే చక్కటి గాడి దొరికితే, అక్కడ నట్టే పెట్టండి.

పెట్టడం ఎలాగో మనిషి పక్కనుండి నేర్పాల్సిందే, చదివి రాదు. కింద నిలబడి, నేల మీదే, వంద చోట్ల పెట్టి చూపించుకోవాలి. అయినా చూడాల్సినవి కొన్ని రాయొచ్చు. నట్టును తలతో కాదు, తలకు కాస్త కింద తీగ పట్టుకుని, పగులులో వెడల్పున్న చోట లోపలికి తోసి, మెల్లగా కిందికి జార్చండి. ఆగిన చోట వెంటనే లాగకండి. తల దగ్గరికి కన్ను తీసుకెళ్లి రెండు పక్కలా చూడండి. లోహానికీ రాతికీ మధ్య వెలుతురు గీత కనిపిస్తే ఆ పక్క తగలట్లేదు. తీసి, అదే నట్టును వెనక్కి తిప్పి పెట్టి చూడండి. చాలాసార్లు ఒక్క తిప్పుతోనే గీత మాయమవుతుంది. కాకపోతే ఒక వేలెడు కిందో పైనో చూడండి. పగులులోపల ఒక పలుకు పొడుచుకొచ్చి ఉంటే, తల దాని మీద ఆగిందేమో గమనించండి. అది విరిగితే నట్టు జారుతుంది. ఇదంతా కుదిరాక, పతనం ఏ దిక్కుకు లాగుతుందో ఆ దిక్కుకే ఒకసారి గట్టిగా లాగి కూర్చోబెట్టండి. ఒక్కసారి చాలు. చిన్న నట్టును ఎక్కువ బిగిస్తే వెనకవాళ్లు దాన్ని తీయడానికి తీగను అటూ ఇటూ గుంజుతారు, అతుకు దగ్గర దెబ్బ తగిలేది అప్పుడే.

కూర్చున్నాక దాన్ని తాడు కదిలించకూడదు. చిన్న నట్ల తీగ సన్నగా ఉన్నా బిరుసుగా ఉంటుంది, తాడు పక్కకు ఊగితే ఆ కదలిక తల దాకా వెళ్తుంది. కాబట్టి పొట్టి క్విక్‌డ్రాకు (రెండు కారాబినర్లను కలిపే పట్టీకి) బదులు పొడవైన స్లింగ్ వేయండి. తాడు మెలికలు తగ్గితే రాపిడి తగ్గుతుంది, రాపిడి తగ్గితే తాడు మొత్తం సాగి పతనం దెబ్బ మెత్తబడుతుంది. ఒకే పగులులో ఇంకో నట్టుకు చోటుంటే రెండోదీ పెట్టి, రెండింటినీ స్లింగ్‌తో కలిపి బరువు పంచండి. పంపకం సమంగా జరుగుతుందని నమ్మకండి, ఎప్పుడూ జరగదు. కానీ ఒకటి ఊడితే రెండోది ఉంటుంది. కుట్లు ఒక్కొక్కటిగా తెగుతూ బలాన్ని మింగే ప్రత్యేక స్లింగులు కూడా దొరుకుతాయి. వాటికి నిజంగా అర్థం ఉండేది చిన్న నట్ల దగ్గరే. బ్రిటన్‌లో చాలామంది రెండు సన్నటి హాఫ్ రోప్‌లు వాడటానికి కారణాల్లో ఇదొకటి. ఒక్కో నట్టుకు ఒక్కో తాడే తగిలిస్తారు. ఆ తాడు ఎక్కువ సాగుతుంది, నట్టు మీద దెబ్బ తగ్గుతుంది.

మన వైపు సంగతి. హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైట్ దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటిది, గట్టిదే. కానీ వాతావరణానికి అంచులు గుండ్రంగా అరిగి, పైపొర పెచ్చులుగా లేచే గుణం దానికుంది. ఎక్కువగా జరిగేది తాడు లేకుండా బండలు ఎక్కడం, లేదా పైనుంచి తాడు వేసి ఎక్కడం. మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014లో ఎవరెస్ట్ ఎక్కే ముందు శిక్షణ మొదలుపెట్టిన భువనగిరి కొండ కూడా ఏకశిల, సన్నటి పగుళ్ల కొండ కాదు. అలాంటి రాతిమీద పగులు దొరికినా, అది పెచ్చు వెనకున్న సందు అయ్యే అవకాశముంది. నట్టు సీలలా పక్కలకు తోస్తుందని చెప్పుకున్నాం కదా, ఆ తోపుడు పెచ్చునే లేపేస్తుంది. పెట్టే ముందు పిడికిలితో తట్టి వినండి. డొల్ల మోత వస్తే నట్టు ఎంత చక్కగా కూర్చున్నా ఆ చోటు వదిలేయండి. నట్లు నేర్చుకోవాలన్న కోరిక గట్టిగా ఉన్నవాళ్లు బెంగళూరు దగ్గరి రామనగర గ్రానైట్ వైపు వెళ్లడం మంచిది. అమెరికాలో బే ఏరియాలో ఉన్న మనవాళ్లకు యోసెమిటీ వారాంతపు దూరమే, అక్కడైతే గైడ్లు కూడా దొరుకుతారు.

చివరగా వీటి ఆయుష్షు. మంచి అల్యూమినియం నట్టు ఏళ్ల తరబడి నడుస్తుంది. టంకం పెట్టిన చిన్న నట్టుకు అంత ఓపిక లేదు. ప్రతిసారీ ఇంటికొచ్చాక తలకు ఆనుకుని ఉన్న తీగ భాగాన్ని వెలుతురులో పెట్టి చూడండి. తీగ బిరుసు తల నుంచి బయటపడే ఆ రెండు మిల్లీమీటర్ల చోటే అన్ని వంపులూ భరిస్తుంది. మెత్తటి గుడ్డతో దాన్ని మెల్లగా తుడిస్తే, ఒక్క పోగు తెగినా గుడ్డకు పట్టుకుంటుంది. అలా పట్టుకుంటే ఇక వాడకూడదు, తీగ కోసేసి పారేయాలి, మరొకరి చేతికి వెళ్లకుండా. తల ముఖం మీద గీతలు సహజం. కానీ మూల నలిగి ముఖం చదును పోయినా, ఒక పెద్ద పతనాన్ని ఆపినా, చిన్న నట్టు పని అయిపోయినట్టే. ఇదే కారణంతో వీటిని సెకండ్ హ్యాండ్‌లో కొనొద్దు. పాత కారాబినర్‌ను కంటితో చూసి చాలావరకు అంచనా వేయొచ్చు. ఇత్తడి తల లోపల అతుకు ఎన్ని గుంజుళ్లు తిన్నదో బయటనుంచి ఎవరికీ కనిపించదు.